సిరివెళ్ల దగ్గర సమ్మె

ఆ రోజుల్లో మంచి చేతిరాత ఉన్నవాడికి సుఖం ఉండేది కాదు. శుభలేఖ దగ్గర్నుంచి అర్జీ దాకా అన్నీ వాడి మెడకే చుట్టుకునేవి. నా మెడకైతే ఏకంగా ఒక సంఘమే చుట్టుకుంది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నంద్యాల సావుకారి బస్సుల్లో కండక్టరుగా చేరి ఏడాది కూడా కాలేదు. సావుకారి ఆ ఏడే ఆళ్లగడ్డ బస్సుల కంపెనీని కూడా కొనేశాడు. బస్సులన్నిటికీ ఒకే రంగు వేయించాడు గానీ, డ్రైవర్లకు ఆ రంగు అంటలేదు. నంద్యాల వాళ్లు తామే సీనియర్లమన్నారు. తాము స్టీరింగు పట్టేనాటికి వీళ్లు గోలీలాడుతున్నారని ఆళ్లగడ్డ వాళ్లన్నారు. ఇది ఉత్త పరువు తగాదా కాదు. సీనియరుకు తారు రోడ్డు, జూనియరుకు దొర్నిపాడు మట్టిదారి. (ఆ దారిన ఒక నెల తిరిగితే నడుము మనది కాకుండా పోయేది.) రెండు వర్గాలనూ కలపడానికి పెట్టిన సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. నేను ఉండేది నంద్యాలలో, మా మేనమామ ఆళ్లగడ్డ డ్రైవరు. అందుకని రెండు వైపులా నన్ను సమానంగా అనుమానించేవారు.

సంఘం పుట్టిన మూడో నెలలో సావుకారి చుట్టతాతను పనిలోంచి తీసేశాడు. ఆళ్లగడ్డ డ్రైవర్లలో అందరికన్నా పెద్దవాడాయన. బ్రేకులు సరిగా పట్టడం లేదు, బాగుచేయిస్తే గానీ బండి తీయనన్నాడు. అదీ ఆయన చేసిన నేరం. ఈ రోజు తాతకు జరిగింది రేపు మీకూ జరుగుతుంది, బస్సులు నిలిపేద్దామని వారం రోజులు రెండూళ్ల మధ్యా తిరిగి తిరిగి చెప్పాను. గొంతు పూర్తిగా పోయింది. అందరూ ఒప్పుకున్నారు, ఒక్కరూ కదల్లేదు.

నంద్యాల డ్రైవర్లకు పెద్దదిక్కు మీసాలన్న. "నిలిపేస్తాం లేప్పా. ముందు వాళ్లను నిలపమను. వాళ్ల తాతే గదా," అన్నాడు.

మా మామ దగ్గరికి పోతే, "మేం నిలిపితే వాళ్లు మా జనాన్ని గూడా ఎక్కించుకుని పోతారు. నీకేం తెలుసురా, ఊరికే తిరుగుతాండావ్," అన్నాడు.

చివరికి సోమవారం ఒక్క బస్సూ కదలకూడదని ఇద్దరి చేతా ఒట్టు వేయించాను.

ఆ పొద్దున పోయి సిరివెళ్ల దగ్గర నిలబడ్డాను. రెండూళ్లకూ అది నడిమధ్య. రోడ్డు ఖాళీగా ఉంటే సమ్మె గెలిచినట్టే. కాసేపటికి నంద్యాల వైపు నుంచి హారను వినిపించింది. మీసాలన్న బస్సు, నిండా జనం. నీరసంగా ఇటు తిరిగేసరికి ఆళ్లగడ్డ వైపు నుంచి మా మామ బస్సు, పైన కోళ్లగంపలతో సహా. రెండూ ఇరుకు కల్వర్టు మీద ముక్కుకు ముక్కు ఆనించి ఆగాయి.

"ఏందన్నా ఇది?" అన్నాను, వచ్చినంత గొంతుతో.

"వాళ్లు నిలిపినారో లేదో చూసి పోదామని వచ్చినా," అన్నాడు మీసాలన్న.

"నేనూ ఆ పని మీదే వచ్చినా," అన్నాడు మామ, సీటు దిగకుండానే.

"మరి ఇంత జనమెందుకు మామా?"

"ఎట్లాగూ వస్తాండాం గదా, బండి ఖాళీగా ఎందుకని."

ఎవరు వెనక్కి తీయాలన్నది తరువాతి ప్రశ్న. జూనియరు తీయాలన్నాడు మీసాలన్న. అయితే తియ్యి అన్నాడు మామ. ఈలోగా మిగతా డ్రైవర్లు కూడా అదే అనుమానంతో, అదే జనంతో వచ్చి వెనక బారులు తీరారు. ఎండెక్కేసరికి సావుకారి బస్సులన్నీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. డ్రైవర్లంతా కల్వర్టు మీద చేరి ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. అంతలో సావుకారి జీపు వచ్చింది. ఆ అరుపులు నినాదాలనుకున్నాడు కాబోలు, ఆయన ముఖం పాలిపోయింది.

"ఏం కావల్లప్పా మీకు?" అని నన్నడిగాడు. నిజం చెబుదామంటే గొంతు లేదు. (ఉన్నా చెప్పేవాణ్ణి కాదేమో.) తాత కోసం రాసి పెట్టుకున్న అర్జీ జేబులోంచి తీసిచ్చాను. చదువుకుని, "తాతను రేపట్నుంచి రమ్మను. బ్రేకులు గూడా చేపిస్తా. ముందు బండ్లు తీయించు," అన్నాడు.

మా సంఘం చరిత్రలో మొదటిసారి రెండు వర్గాలూ ఒకే క్షణాన కదిలాయి, వెనక్కి.

ఆ వారమే రాజీనామా రాశాను. తమకే ఇవ్వాలని నంద్యాల వాళ్లు, కాదు తమకేనని ఆళ్లగడ్డ వాళ్లు పట్టుబట్టారు. అది నా జేబులోనే చెమటకు నాని చిరిగిపోయింది. నేను ఇంకో మూడేళ్లు కార్యదర్శిగా ఉండిపోయాను. ఒకరోజు బండి నడుపుతూ చుట్టతాత, "ఈళ్లు కలవరప్పా. నువ్వు మాత్రం తిరుగుతాండు," అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. నేనూ ఆయన వయసు దాటిపోయాక ఇప్పుడు నవ్వొస్తోంది. గొంతు పోయి, నడుము పోయి, ఇక చాలనుకుంటూనే మర్నాడు మళ్లీ మొదటి బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే, వాడు నేనేనని చెప్పుకోవడానికి కాస్త సిగ్గు, కాస్త ముచ్చట.