ఉర్లగడ్డలో జున్ను

మా నాయన నోటితో తినగలిగినవి ఒక దశలో మూడే మిగిలాయి: చిదిమిన అన్నం, పెరుగు, అరటిపండు. దవడ పుండు కోసేసి, ఆ తర్వాత రేడియేషన్ ఇచ్చి ఇంటికి పంపిన కొత్తలో అవి చాలనుకున్నాం. కొద్ది వారాల్లోనే పెరుగు మండుతోందని మానేశాడు. అరటిపండు అంగిట్లో అతుక్కుంటోందని మానేశాడు. అన్నం మిగిలింది. ఉమ్మినీరు ఊరని నోట్లో మెతుకు ఇసుకలా తగులుతుందని అప్పుడే మాకు తెలిసింది. ముద్ద పెట్టుకునేవాడు, చాలాసేపు అటూ ఇటూ తిప్పేవాడు, చివరికి పక్కనున్న గిన్నెలో ఉమ్మేసేవాడు. అమ్మ ఆ గిన్నెను కొంగుతో కప్పి పెరట్లోకి తీసుకుపోయేది.

బరువు ఇంకా తగ్గితే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వెయ్యక తప్పదని డాక్టరు నాయన, అమ్మ, నేను ముగ్గురం ఉండగానే చెప్పాడు. రుచి తెలియడానికి నెలలు పట్టొచ్చని, కొందరికి పూర్తిగా రాకపోవచ్చని కూడా అప్పుడే చెప్పాడు. నాయన రెండో మాట విన్నట్టు లేదు. మొదటి మాటకు మాత్రం బస్టాండులో జవాబు చెప్పాడు.

"పైపుతో పోసేదానికి నేనేమన్నా మోటారు బండినా? నోటితో తిన్నన్ని దినాలే తింటా. తర్వాత వద్దు."

దవడ సగం లేని మనిషి మాట అర్థం చేసుకోవడానికి మేం అలవాటుపడ్డాం. పక్కన కూర్చున్నాయనకు అర్థం కాలేదు. అయినా నవ్వాడు.

మాది మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య ఒక పల్లె. వాన పడితే కంది, మిరప. పడకపోతే బీడు. నాయన మిరప పండించిన మనిషి, సద్దన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్న మనిషి. ఇప్పుడు వంటింట్లో ఒక్క ఎండుమిరపకాయ నూనెలో పడినా నట్టింట్లో ఆయనకు దగ్గు తెర వచ్చేది, దగ్గితే కోసిన చోట నొప్పి. అందుకని తిరగవాత మానేశాం. అమ్మ నాకూ తనకూ ఊరగాయ అన్నం పెరటి అరుగు మీద కలిపేది. నేను అక్కడే నిలబడి తినేసి డ్యూటీకి పోయేవాణ్ణి. ఆమె ఎప్పుడు తినేదో నేను చూడలేదు. ముగ్గురం ఉన్న ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల, ఒకరి నుంచి ఒకరు దాక్కున్నట్టు తినేవాళ్లం.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే యంత్రాల మరమ్మతు నా పని. యంత్రం ఆగితే కారణాలన్నీ వరుసగా రాసుకుని, ఒక్కొక్కటీ పరీక్షించి కొట్టేసుకుంటూ పోవాలని మాకు నేర్పారు. నాయన తిండి విషయంలోనూ అదే పని చేశాను. కావలసిన వంటకానికి ఉండవలసిన గుణాలు రాసుకున్నాను. కారం ఉండకూడదు. పులుపు ఉండకూడదు. నమలకుండా జారాలి, కానీ మరీ నీళ్లలా ఉంటే పొలమారుతుంది. కొంచెం తిన్నా బలం ఎక్కువ ఉండాలి. చివరి గుణం ఆసుపత్రి వాళ్లు చెప్పింది కాదు, నేను చేర్చుకున్నది: అదే గిన్నెలోది అమ్మా నేనూ కూడా తినగలగాలి.

అన్ని గుణాలకూ సరిపోయింది ఫోనులో ఒకటే కనబడింది. ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, ఉడికించి చిదిమి, పాలు, వెన్న, చీజ్ కలిపి ఓవెన్‌లో పెట్టి తీసే వంటకం. ఎక్కడో ఎవరింట్లోనో దాన్ని పెద్ద పళ్లెంలో చేసి, బల్ల మధ్యలో పెట్టుకుని, అందరూ గరిటెతో వడ్డించుకుంటున్నారు. నేను ఆ వంట కంటే ఆ వడ్డన ఎక్కువసార్లు చూశానేమో.

మార్కాపురంలో చిన్న కరెంటు ఓవెన్ కొన్నాను. అమ్మ దాన్ని పెట్టె అంది, అందులో చేసేదాన్ని పెట్టె కూర అంది. చీజ్ ఒక బేకరీలో దొరికింది. ఎండకు కరిగిపోకుండా మంచినీళ్ల ఫ్లాస్కులో ఐసు వేసి, దాని మధ్యలో కవరు పెట్టుకుని తెచ్చేవాణ్ణి.

మొదటిసారి గడ్డలు సరిగ్గా ఉడకలేదు. మా బోరు నీళ్లలో పప్పే ఉడకదు, ఆ సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది. రెండోసారి క్యాను నీళ్లలో ఉడికించాను. మెత్తగా అయ్యాయి, కానీ పైన చీజ్ ఎర్రగా కాలి పెచ్చు కట్టింది. ఫోనులో అందరూ ఆ పెచ్చు కోసమే కొట్టుకుంటున్నారు. నాయన చిగుళ్లకు అది పెంకులా గుచ్చుకుంటుందని ఆయన దాకా తీసుకుపోలేదు. మూడోసారి పైన పళ్లెం బోర్లించాను, పెచ్చు కట్టలేదు. అయితే పొలాల మోటార్లకు కరెంటు ఇచ్చే వేళ మా వీధిలో వోల్టేజి పడిపోయి, లోపల చీజ్ కరగకుండా తునకలుగా ఉండిపోయింది. వేళ మార్చాను. గడ్డల్ని జల్లెడలో వేసి రుద్దాను, వేడి పాలూ మీగడా కలిపాను. ఏ ముక్కా, ఏ పీచూ లేకుండా, గరిటె నుంచి నిదానంగా జారే ముద్ద వచ్చింది. పరికరాలన్నీ సరిగా పనిచేస్తున్న రోజు ఫ్యాక్టరీలో ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది.

మా ఎదురింటామె గొర్రెలూ రెండు బర్రెలూ ఉన్న ఇంటామె. కులం వేరైనా నేను అత్తా అనే పిలుస్తాను. ఆమె వచ్చి వేలితో కొంచెం తీసి నాకింది.

"ఇదేందబ్బా, సబ్బు నాకినట్టుంది. మీ నాయనకు కడుపులో మురికేమన్నా కడగాల్నా?"

అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ రోజు నాకు సెలవు. నాయన వరండాలో నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వెన్న వాసన వచ్చిందేమో, ఇటు తిరిగి ఏం చేస్తన్నావురా అని అడిగాడు. తిండి గురించి ఆయన తానుగా అడగడం ఇంటికి వచ్చాక అదే మొదలు. చీజ్ అంటే ఆయనకు తెలియదు. బడి పుస్తకంలో చీజ్ అన్నచోట తెలుగులో జున్ను అని ఉండేది. నా నోటికి ఆ మాటే వచ్చింది.

"ఉర్లగడ్డ నాయనా. జున్ను వేసి చేస్తన్నా."

ఆయన మోచేతి మీద లేచాడు.

"జున్నా? ఎవురింట్లో ఈనింది?"

ఆ ప్రశ్న నాకు వెంటనే అందలేదు. మా ఊళ్లో జున్ను కొనేది కాదు, చేసుకునేది కూడా కాదు, వచ్చేది. ఏ ఇంట్లోనో బర్రె ఈనితే ఆ మొదటి పాలు అమ్మరు. చెంబుల్లో పోసి చుట్టుపక్కల ఇళ్లకు పంపుతారు. ఆ పాలల్లో బెల్లం కలిపి ఆవిరి మీద పెడితే అదే గట్టిపడుతుంది. చెంబును ఖాళీగా తిప్పి పంపకూడదని గుప్పెడు కందులో, బెల్లం ముక్కో వేసి పంపుతారు. మా బర్రెను వైద్యానికి ముందే అమ్మేశాం కాబట్టి, జున్ను వచ్చిందంటే ఎవరో ఇచ్చి ఉండాలి. అది ఎవరో ఆయనకు తెలియాలి.

నేను సర్దిచెప్పేలోపే ఆయన కూర్చున్నాడు. నోరు పుక్కిలించడానికి నీళ్లు తెమ్మన్నాడు. బెల్లం ఎక్కువ వెయ్యొద్దని, మిరియాలు అసలే వద్దని వంటింటివైపు కేకేసినంత పని చేశాడు. అమ్మ గడపలో నిలబడి నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. ఆ ఎదురుచూపును చెడగొట్టే ధైర్యం మాకు లేదు.

పళ్లెం మంచం మీద పెట్టి ముగ్గురం కూర్చున్నాం. నేను రాసుకున్న చివరి గుణం నెరవేరింది ఆ కొద్దిసేపే. నాయన చెంచాతో తీసుకున్నాడు. నోట్లో ఉంచుకున్నాడు. మింగాడు. గొంతులో ఎక్కడా ఆగలేదు, నేను ఆయన గొంతునే చూస్తున్నాను.

"ఇది జున్ను కాదే," అన్నాడు.

కోపం లేదు. ఇంగ్లీషులో దీన్ని చీజ్ అంటారని, పుస్తకాల్లో జున్ను అనే రాస్తారని, ఇది కూడా పాలతో చేసేదేనని నేను వివరంగా చెప్పుకొచ్చాను. ఆయన చెంచా పళ్లెం అంచున పెట్టాడు.

"పుస్తకాల్లో ఏమన్నా రాసుకోనీ. ఈనందే జున్ను యాడిదిరా?"

మళ్లీ గోడవైపు తిరిగాడు. నేను ఎంత బతిమాలినా ఇంకో చెంచా తీసుకోలేదు. రుచీ పచీ లేని బంక అన్నాడు. కారం లేకుండా, ఊరగాయ లేకుండా, పట్నం సరుకులతో చేస్తే ఏ మనిషి తింటాడని అడిగాడు. ఆయన లెక్కలో తప్పు తిండిది. సరైన తిండి వస్తే నోరు సరిగానే ఉంటుంది. అప్పటిదాకా గొట్టం ఊసు ఎత్తొద్దు.

అమ్మ ఆ సాయంత్రమే అత్త ఇంటికి పోయింది. వాళ్ల బర్రెల్లో ఒకటి చూడితో ఉంది, పొదుగు దించింది, కొద్ది రోజుల్లో ఈనుతుంది. ఈనగానే మొదటి చెంబు మాకేనని అత్త చెప్పింది. ఆ మాట విని నాయన నెమ్మదించాడు. అది వచ్చేదాకా అన్నం నీళ్లు ఎట్లనో మింగుతానన్నాడు, మింగలేదు. పాలల్లో ఆసుపత్రి వాళ్లు రాసిచ్చిన బలం పొడి కలిపి ఇస్తే సగం చొక్కా మీదికి కారిపోయేవి. భుజాల ఎముకల మీద ఆ చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. ఆ రోజుల్లో నేను డ్యూటీకి పోయేముందు, వచ్చాక, ఎదురింటి కొట్టంవైపు చూసేవాణ్ణి. ఒక మనిషి బతుకు ఎదురింటి బర్రె ఈత మీద నిలబడిందని ఎవరితోనైనా చెబితే నవ్వుతారు.

బర్రె పొద్దున్నే ఈనింది. అత్త చెంబు మూతి మీద గుడ్డ కప్పి తానే తెచ్చింది. పాలు పసుపు రంగులో, చిక్కగా, చెంబును వంచితే కదలనట్టు ఉన్నాయి. అమ్మ స్నానం చేసి వచ్చి బెల్లం చిదిమి కలిపింది. మిరియాలు వెయ్యలేదు. ఆవిరి మీద గిన్నె పెట్టి, పక్కనే నిలబడింది. దించాక చాకుతో గాటు పెడితే అంచు నిలబడింది. ఇల్లంతా ఆ వాసన.

నాయన ఆ వాసన పీల్చాడు. "అద్దీ," అన్నాడు. తానే గిన్నె చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు ఉంచుకున్నాడు. మింగి, రెండో చెంచా తీసుకున్నాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాడు. నాలుకతో వెతుకుతున్నట్టు దవడ అటూ ఇటూ కదిలింది. తర్వాత అమ్మవైపు చూశాడు.

"జున్నే గదా ఇది?"

"జున్నే," అంది అమ్మ. "నీ ఎదురుగానే గదా తెచ్చింది."

అత్త గడప దగ్గరే నిలబడి ఉంది. ఏదో హాస్యమాడబోయి ఆగిపోయింది.

నాయన గిన్నె నా చేతికి ఇచ్చాడు. "నువ్వు తిను."

తిన్నాను. చిన్నప్పటి నుంచి తిన్న జున్నే. నాలుక మీద పెడితే కరిగింది. బెల్లం సరిగ్గా ఉంది, ముర్రుపాల ఆ కమ్మదనం ఉంది. దేనిలోనూ లోటు లేదు. లోటు ఉంటే బాగుండునని ఎంత వెతికానో.

"తియ్యగుందా?" అని అడిగాడు.

లేదని చెబితే ఇంకొన్నాళ్లు గడిచేవేమో. బెల్లం తక్కువైందని, పాలు విరిగాయని, ఇంకో బర్రె ఈనేదాకా చూద్దామని. కానీ ఆయన నా మొహమే చూస్తున్నాడు. మింగిన తర్వాత నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. ఆయనకు కనబడింది.

"ఉంది నాయనా."

ఆయన తల ఊపాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అత్త తన చెంబు సంగతి మర్చిపోయి వీధి దాటి వెళ్లిపోయింది. నాయన మంచం మీద వాలి కాళ్లు ముడుచుకున్నాడు. నేను గిన్నె పట్టుకుని అక్కడే కూర్చున్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఎండ వరండాలోకి వచ్చినప్పుడు మంచం జరపడానికి లేచాను. కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఆ పైపేందో ఏపిచ్చురా."

ఆ వారంలోనే వేయించాం. ఆయన పట్టు వదిలినందుకు డాక్టరు మెచ్చుకున్నాడు. బరువు తగ్గడం ఆగింది, తర్వాత కొద్దిగా పెరిగింది కూడా. నేను అన్నీ మిక్సీలో వేసి, రెండుసార్లు వడకట్టి, గోరువెచ్చగా ఉందో లేదో మణికట్టు మీద వేసుకుని చూస్తాను. తల కింద రెండు దిండ్లు పెడతాను. సిరంజిని గొట్టానికి తగిలించి నిదానంగా తోస్తాను, తొందరపడితే వాంతి అవుతుంది. చివర కొన్ని మంచినీళ్లు పోసి గొట్టం కడుగుతాను. ఈ పని నేను బాగా చేస్తానని నర్సు కూడా అంది.

మొదట్లో అమ్మ ప్రతిసారీ గిన్నె ఆయన కళ్ల ముందుకు తెచ్చి, ఇది రాగి జావ, ఇది పప్పుకట్టు, ఇందులో గుడ్డు కలిపినాం అని చెప్పేది. ఆయన వినేవాడు. ఒకరోజు ఆమె చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏదైతే ఏందిలే," అన్నాడు.

ఆమె చెప్పడం మానేసింది. ఇప్పుడు నేను సిరంజి తోస్తున్నంతసేపూ ఆయన వీధివైపు చూస్తూ ఉంటాడు. అయిపోయిందని నేనే చెప్పాలి, ఆయనకు తెలియదు.