ఆ పెద్దమ్మ ఇల్లు చేరిందా?

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఎల్లారెడ్డిలో మా ఇల్లు బొందలగడ్డ పక్కనే. చిన్నప్పుడు సమాధుల మీద కూర్చుని చింతకాయలు తిన్నదాన్ని. నన్ను భయపెట్టబోయిన వాళ్ళే తిట్లు తిని పోయారు. కాబట్టి దయ్యం కథ కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇది మా అమ్మ సంగతి. మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు పోయాక బీడీలు చుట్టి నన్ను సాకింది. చేతులు చాటలో ఉంటే జపమాల తిప్పడం కుదరదు కదా, అందుకని బీడీకో మంగళవార్త జపం చెప్పేది. "నీ బీడీలు తాగెటోళ్ళు సక్కగ మోక్షానికి పోతరు" అని నేను ఆటపట్టిస్తే, "పోనియ్యి, నీకేం నొప్పి?" అనేది. ఊళ్ళో కతోలికులం చాలా తక్కువ. మమ్మల్ని చూసి నవ్వినవాళ్ళు ఎక్కువ. అవ్వ ఎవరికీ తల వంచలేదు.

1970ల చివర్లో ఒక వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. అప్పటికి నాకు పెళ్ళయి కామారెడ్డిలో ఉంటున్నాను. కబురు తెలిసి వచ్చాను. నేను వచ్చిన మర్నాడే వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. పోస్టాఫీసు ఫోను కూడా పనిచేయలేదు. చూడటానికి వచ్చిన డాక్టరు పెదవి విరిచాడు.

అవ్వకు చావంటే భయం లేదు. ఆమె అడిగింది ఒక్కటే, అవస్థ అభ్యంగనం. అంటే చనిపోయే ముందు ఫాదర్ వచ్చి నుదుటికీ చేతులకూ నూనె రాసి ప్రార్థన చేయడం. అది అందకుండా పోతానేమోనని ఆమె దిగులు.

"ఫాదర్‌ను పిలువు బిడ్డా."

"ఎట్ల పిలవాలె అవ్వా? తొవ్వనే లేకపాయె."

కళ్ళు మూసుకునేది. కాసేపటికి మళ్ళీ అదే మాట.

ఆ పొద్దున నాకు దేవుడి మీద ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు ఇంతగా పిలిపించుకున్నవాడు ఇప్పుడు పలకడా అని పైకే తిట్టాను. అవ్వ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి ఫాతిమా బీ తలాపున కూర్చుని తడిగుడ్డ వేస్తోంది. తెల్లవారినప్పటి నుంచి ఇద్దరం కదల్లేదు. అవ్వకు గ్లాసు ఎత్తే శక్తి కూడా లేదు.

మధ్యాహ్నం కావస్తుండగా వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. దిగినాయనకు మోకాళ్ళ దాకా బురద. కామారెడ్డికి కొత్తగా వచ్చిన కేరళ ఫాదర్. ఆయన అంతకుముందు ఎల్లారెడ్డి రాలేదు, అవ్వను చూడనూ లేదు. గడప బయటే నిలబడి అడిగారు.

"ఆ పెద్దమ్మ ఇల్లు చేరిందా?"

ఏ పెద్దమ్మ అన్నాను. కామారెడ్డి చర్చిలో పొద్దుటి పూజ అయ్యాక ఒక ముసలామె మెట్ల దగ్గర ఆయన్ని ఆపిందట. ఎల్లారెడ్డిలో ఒక మనిషి చావుబతుకుల్లో ఉంది, నూనె తీసుకుని పొమ్మందట. వాగు పొంగింది కదా అంటే, తగ్గిందని కసిరిందట. ఇంటి గుర్తులు చెప్పింది. బండెక్కమంటే, "నువ్వు నడువు, నేనొస్త" అందట. నీలం అంచు తెల్లచీర, తెగిన ఎడమ చెవి.

అవ్వ ఎడమ చెవిని నేనే చంటిపిల్లగా ఉన్నప్పుడు కమ్మ లాగి తెంపానట.  ఫాదర్ లోపలికి వచ్చి, మంచం మీది మనిషిని చూసి సిలువ గుర్తు వేసుకున్నారు.

అవ్వ కళ్ళు తెరిచింది. "వాగు తగ్గిందని చెప్పిన గద ఫాదరూ. గింత ఆలస్యమా?"

ఫాతిమా బీ తడిగుడ్డ పక్కన పెట్టింది. "యా అల్లా! పొద్దటి సంది ఈమె మంచమే దిగలే" అంది. ఫాదర్ నూనె రాశారు.

అవ్వ చనిపోలేదు. జ్వరం దిగింది, 1990ల దాకా బతికింది. నా పిల్లలకు జపాలు నేర్పింది. చూపు తగ్గినా బీడీలు చుట్టడం మానలేదు.

ఇక జనం మొదలుపెట్టారు. ఆత్మ బయట తిరిగొచ్చింది, తాయెత్తు కట్టించమని కొందరు. అద్భుతం జరిగింది, సభలో సాక్ష్యం చెప్పమని కొందరు. "నేనేమన్న సర్కస్ చేసెటిదాన్నా?" అని అవ్వ అందరినీ వెళ్ళగొట్టింది. మా ఆయనేమో ఫాదర్ పొరబడ్డారన్నాడు. తెగిన చెవి కూడా పొరబాటేనా అన్నాను. అసలు బతికున్న మనిషి దయ్యం ఎట్లా అవుతుంది?

నేను మాత్రం ఏళ్ళ తరబడి ఆమెను అడుగుతూనే వచ్చాను. ప్రతిసారీ మాట మార్చేది. ఆఖరి జబ్బులో, ఫాదర్ వచ్చి నూనె రాసి వెళ్ళాక, మళ్ళీ అడిగాను.

"అవ్వా, ఆ పొద్దు నిజంగ పోయినవా?"

చిరాకుపడింది. "పిలువుమంటే మీరు పిలవకపోతిరి. మరి నేనే పోవాలె గద."

"ఎట్ల పోయినవ్?" అన్నాను. అటు తిరిగి పడుకుంది. ఎట్లా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళను మాత్రం నా గడప తొక్కనివ్వను.