అరికాలి దిష్టి చుక్క

2021లో నేను షార్జాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రసూతి వార్డులో ఆయాను. తెలుగువాళ్ళు చేరితే వాళ్ళ మాట సిస్టర్లకి హిందీలో చెప్పడం కూడా నా పనే.

ఇంటికి పంపే ముందు ప్రతి బిడ్డకీ గుండె కోసం ఒక పరీక్ష ఉంటుంది. కుడి చేతికి, ఒక పాదానికి ఎర్ర దీపమున్న పట్టీ చుడతారు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకె పడుతుంది. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి.

ఆ రోజు అమలాపురం వైపు అమ్మాయి కొడుకు. పాలు తాగుతున్నాడు, రంగు బాగుంది, మధ్యాహ్నం ఇంటికి. చేతి అంకె బాగుంది, పాదం అంకె తక్కువొచ్చింది. సిస్టరు పాదం తిప్పి చూస్తే అరికాల్లో ఇంత దిష్టి చుక్క! నలుపు అడ్డొస్తే దీపం తప్పు చెప్పొచ్చట. "కాజల్ సాఫ్ కరో" అని నాకు పురమాయించి, కాసేపాగి మళ్ళీ చూస్తానంది.

విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ నన్ను తుడవనిస్తేనా!

"బానే ఉన్నోడికి ఆ మిషను తగిలాకే తేడా వచ్చిందంటన్నారు. మమ్మల్ని ఇక్కడే ఉంచేయడానికి ఎత్తు కాదూ ఇది? తుడిస్తే ఊరుకోను."

మళ్ళీ వెళ్ళేసరికి రెండో అరికాల్లోనూ చుక్క, మొదటిదానికంటే పెద్దది. సిస్టరు నా వంక అనుమానంగా చూసింది, నువ్వూ మీవాళ్ళ పక్షమేనా అన్నట్టు.

"పిన్నిగారూ, చెరపొద్దులెండి, చోటు మారుద్దాం. చెవి వెనక పెట్టండి. దిష్టికి కాళ్ళే కావాలా ఏంటి?" అన్నాను.

"మాటకారివే నువ్వు" అంటూ చుక్క తనే పెట్టి, నూనె దూదితో పాదాలు తనే తుడిచింది.

అంకె మారలేదు. రెండో కాలికి చుట్టినా అంతే.

"చూశారా! అనవసరంగా నా కాటుక మీద పడ్డారు" అంది ఆవిడ, గెలిచినట్టు.

సిస్టరు ఫోను తీసి పిల్లల డాక్టరుని పిలిచింది. అది చూశాక ఆవిడ మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. "ఇంకా ఎక్కడో అంటుకునుంటాదే. మళ్ళీ తుడుస్తాను. కాటుకేనని చెప్పవే ఆవిడకి."

గుండె స్కానింగులో తేలింది. కింది ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళం ఒకచోట బాగా సన్నబడింది. కడుపులో ఉన్నప్పటి చిన్న దారి ఒకటి ఇంకా తెరుచుకుని కాళ్ళకి రక్తం అందిస్తోంది కాబట్టి బిడ్డ బాగున్నట్టే కనబడ్డాడు. ఆ దారిన వచ్చే రక్తంలో ప్రాణవాయువు తక్కువ, అందుకే పాదం అంకె తగ్గింది. పుట్టాక ఆ దారి దానంతటదే మూసుకుపోతుంది. ఇంటికెళ్ళాక మూసుకుంటే ప్రాణానికే ముప్పు. దాన్ని తెరిచి ఉంచే మందు సెలైనులో ఎక్కిస్తూ, అబూధాబీలో ఆపరేషను చేసే చోటికి పంపారు. బిడ్డ దక్కాడు.

రిటైరయ్యేదాకా, మనవాళ్ళ బిడ్డకి పట్టీ చుట్టకముందే అరికాలి చుక్కని చెవి వెనక్కి మార్పించేదాన్ని. చుక్క ఉన్నంతసేపూ అందరి అనుమానమూ దాని మీదే ఉంటుంది. అది పోయాకే అంకెని నమ్ముతారు.