సింహం మొహం కొక్కెం

అది సోమవారం, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. నాకప్పటికి అంకెలు కూడా రావు. చక్కెర మిల్లు కూత వినపడింది కాబట్టి చెబుతున్నాను.

మొన్న సింగపూర్ మ్యూజియంలో, అద్దాల పెట్టెలో దాన్ని చూసి అద్దానికి మొహం ఆనించాను. ఒక ఇత్తడి కొక్కెం, దానిమీద సింహం మొహం. కింద రాసింది నేను కూడబలుక్కునేలోగా మనవరాలు, "బెల్ట్ బకిల్, అమ్మమ్మా. తవ్వితే దొరికిందంట, వందల ఏళ్ళది," అంది.

నా చిన్నప్పుడు, ఆ సోమవారం, చేలో మా నాన్న నాగలికి అలాంటిదే తగిలింది. తమ్ముడు శీను దాన్ని మొలతాడుకి కట్టుకుని గట్టంతా ఊరేగాడు. అన్నం తెచ్చిన నాయనమ్మ చూసింది.

"సచ్చినోడి నడుముదిరా అది, సన్నాసీ," అని కొడవలితో మొలతాడే కోసేసింది. కొక్కెం మళ్ళీ మట్టిలో పూడ్చి, మొలతాడుకి బదులు తన చీర అంచు చింపి వాడి నడుముకి కట్టింది.

మగాడి మొలతాడు తెంపేది చచ్చాకనే. మా తాతకి అలాగే తెంపారు. ఇక శీను పోయినట్టేననుకున్నాను. వాడు గోంగూర అన్నం తింటుంటే ముక్కు కింద వేలుపెట్టి ఊపిరి చూశాను.

"తిననీవే, దెయ్యమా," అన్నాడు.

ముడి వేస్తుంటే నాయనమ్మ చేతులు వణికాయి. వయసు వల్ల అనుకున్నాను. ఆ వయసు నాకూ వచ్చింది, నా చేతులు వణకడం లేదు. ఆవిడ నాకంటే ఎక్కువ భయపడింది.

ఆ రోజు చేలో ఉన్నది మా నాన్న రాములు, నాయనమ్మ సూరమ్మ, శీను, నేను, పేరు తెలియని ఆ కొక్కెం మనిషి.