కడుపునొప్పి వరండా

ఉదయగిరిలో కొండ నీడ పడే వీధిలో ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడ హన్నమ్మ పందొమ్మిదేళ్ళుగా ఆయా. గంట కొట్టడం, గదులు ఊడ్వడం, కుండలు నింపడం, ఒకటో తరగతి పిల్లలు పాడుచేసుకున్న లాగులు ఉతికి ఆరేయడం ఆమె పనులు. కాగితాల మీద ఉన్నవి ఇవే. కాగితాల మీద లేని పని ఇంకొకటి ఉండేది. బళ్ళో ఎవరికి కడుపునొప్పి వచ్చినా వెనక వరండాలో ఉండే హన్నమ్మ దగ్గరికే పంపేవాళ్ళు.

పిల్లలకు పేరు తెలిసిన రోగం కడుపునొప్పి ఒక్కటే. పొద్దున ఏమీ తినకపోయినా కడుపునొప్పే, ఎక్కం రాకపోయినా కడుపునొప్పే, నాయన తాగొచ్చి అమ్మను కొట్టినా కడుపునొప్పే. హన్నమ్మ మందేమీ ఇచ్చేది కాదు. పక్కన గోనెసంచి మీద కూర్చోబెట్టుకుని, చింతపండులో గింజలు తీస్తూ, "యాడ నొప్పి?" అనేది. బొడ్డు చూపించేవాళ్ళు. "ఎప్పుడు మొదలైంది?" అనేది. "అప్పుడు ఇంట్లో ఎవురెవురుండారు?" అనేది. అరగంటలో సంగతంతా బయటికొచ్చేది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు. "ఆ తర్వాత?" అంటూ ఊకొట్టేది, అంతే. పిల్లలు ముక్కు తుడుచుకుని క్లాసుకు వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ మధ్య టీచర్లను నెల్లూరికి పిలిచి ఆరు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. పిల్లల మనసు తెలుసుకోవాలి, వాళ్ళచేత మాట్లాడించాలి అని చెప్పి పంపారు. వాళ్ళు రంగురంగుల చార్టులు తెచ్చి గోడలకు అంటించారు. ఆ చార్టుల కింద చెత్త ఊడ్చిందీ హన్నమ్మే. హెడ్మాస్టరు రామనారాయణ మాత్రం, ఈ నొప్పులన్నీ ఇంటి గంటకు నయమైపోతాయని ఎగతాళి చేసేవాడు. పొలం గట్టు దగ్గర తమ్ముడితో మాటామాటా పెరిగి రాకపోకలు తెగిన వారంలో ఆయనే తలనొప్పని వచ్చి ఆ వరండాలో స్టూలు వేసుకుని గంటసేపు కూర్చున్నాడు. ఏం చెప్పుకున్నాడో హన్నమ్మ ఎవరికీ చెప్పలేదు.

తొంభై ఆరు నవంబరులో ఆమె కూతురు లిదియ చనిపోయింది. హన్నమ్మ మొగుడు ఎప్పుడో పోయాడు, ఉన్నది ఆ ఒక్క పిల్లే. ఇరవై రెండేళ్ళు. వింజమూరులో కుట్టు నేర్చుకుని ఇంటి ముందు మిషను పెట్టుకుంది. పచ్చకామెర్లు వచ్చి పన్నెండు రోజుల్లో అయిపోయింది. సమాధి దగ్గర చర్చి సంఘమంతా ఏడ్చింది. హన్నమ్మకు ఏడుపు రాలేదు. పదో రోజున బడికి వచ్చి సరిగ్గా టైముకు గంట కొట్టింది. ఉప్పు లేకుండా వండుకున్నా తేడా తెలిసేది కాదు, ఎండలో నిలబడితే ఎండ తెలిసేది కాదు. ఎవరు పలకరించినా, "బాగుండాను" అనేది.

రామనారాయణ స్టాఫునంతా పిలిచాడు. "హన్నమ్మ కాడికి ఇంక ఏ పిల్లనూ పంపబాకండి. ఆమె బాధ ఆమెకు చాలు," అన్నాడు. టీచర్లు తలూపారు. ఆమె టీ గ్లాసులు తీసుకుని గదిలోకి వస్తే మాటలు ఆపేవాళ్ళు. లిదియ పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మంచి మనసుతో చేసే తప్పుకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని తప్పని ఎవరూ అనరు. అలా హన్నమ్మ నాలుగు నెలలు ఆ వరండాలో ఒక్కతే కూర్చుంది. పిల్లలు రావడం లేదన్న సంగతి కూడా ఆమె పట్టించుకోలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పదిన్నర విరామంలో నాలుగో తరగతి నాగులమ్మ టీచర్ల కంట పడకుండా వరండాలోకి వచ్చింది. అందరూ నాగులు అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్ల.

"అవ్వా, కడుపు నొప్పి."

హన్నమ్మ లేచి డబ్బాలోంచి చిటికెడు వాము తీసి పిల్ల అరచేతిలో వేసింది. "నమిలి నీళ్ళు తాగు. తగ్గిపోతాది."

నాగులు వాము నమిలింది, నీళ్ళు తాగింది, అక్కడే నిలబడింది.

"ఇంకేంది?"

"ఏం లేదు."

"పో మరి, క్లాసుకు పో."

పిల్ల వెళ్ళిపోయింది.

పది రోజులు గడిచాక టీచరు సుకుమారి హాజరు పట్టీ పట్టుకుని వరండాలోకి వచ్చింది. నాగులు ఆ మర్నాటి నుంచే బడికి రావడం లేదు. వాళ్ళమ్మ రొయ్యల గుంటల్లో పనికని గుడ్డలు సర్దుకుని పోయింది, ఇక రాదని వీధిలో అనుకుంటున్నారు. నాయన కొండయ్య ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోతాడు. ఇంట్లో పిల్లను చూసేవాళ్ళు లేక ఆత్మకూరులో చెల్లెలి దగ్గర వదిలాడు. అక్కడ పసిబిడ్డను ఆడించడానికి మనిషి కావాలట. చదువు సంగతి అడిగితే, పొట్ట గడిస్తే చాలన్నాడట.

"ముందురోజు ఆ పిల్ల నీ కాడికి వచ్చిందంట గదా హన్నమ్మా. ఏం చెప్పింది?"

"ఏం చెప్పలా," అంది హన్నమ్మ. హాజరు పట్టీ వంక చూసి, "నేనడగలా," అంది.

సుకుమారి పట్టీ మూసి వెళ్ళిపోయింది. ఏదైనా అని ఉంటే హన్నమ్మకు సులువుగా ఉండేది.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం గంట కొట్టి, గదులకు తాళాలేసి, హన్నమ్మ ఆత్మకూరు బస్సెక్కింది. జాలితో వెళ్ళిందని చెబితే బాగుంటుంది గాని అది నిజం కాదు. జాలి అంటే ఎలా ఉంటుందో కూడా ఆమెకు అప్పుడు గుర్తు లేదు. అడగాల్సిన మాట అడగకుండా వదిలేసింది, అది అడిగి రావాలి. ఊడ్వని గది ఉంటే వెనక్కు వెళ్ళి ఊడ్చే మనిషి ఆమె.

కొండయ్య చెల్లెలు కామమ్మ ఇల్లు బస్టాండు వెనకే. హన్నమ్మ తానెవరో చెప్పి, కొండయ్య పని నుంచి వచ్చేదాకా సాయంత్రాలు పిల్ల తన దగ్గర ఉంటుందని, పొద్దునే కొండయ్యను అడిగి ఒప్పించానని చెప్పింది.

"వస్తానంటే తీసకపోమ్మా," అంది కామమ్మ. "నేనేమన్నా కట్టేసి పెట్టుకున్నానా? వచ్చినకాడ్నించి నోరు తెరిస్తే గదా. ఉండమన్నా ఊ అంటాది, పొమ్మన్నా ఊ అంటాది. రెండు మాటలు నువ్వన్నా మాట్లాడించు."

లోపల నాగులు గోడకానుకుని కూర్చుని కాలితో ఉయ్యాల తాడు లాగుతోంది. హన్నమ్మను చూసి లేవలేదు.

"కడుపు నొప్పి ఎట్టుండాది నాగులూ?"

"ఇప్పుడేం లేదవ్వా. యాడా నొప్పి లేదు."

పిల్ల అబద్ధం చెప్పడం లేదు. ఆ గొంతు హన్నమ్మ గుర్తుపట్టింది. నాలుగు నెలలుగా ఊరందరికీ తాను జవాబు చెబుతున్నది ఆ గొంతుతోనే. అది తొమ్మిదేళ్ళ పిల్ల నోట వినేసరికి ఆమెకు భయం వేసింది. లిదియ పోయాక ఆమెకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

కింద కూర్చుంది. ఆమెకు తెలిసిన ప్రశ్నలన్నీ నొప్పి ఉన్నవాళ్ళను అడిగేవి. లేదన్నవాళ్ళను ఏమడగాలో తోచలేదు.

"మా లిదియ చచ్చిపోయింది నాగులూ," అంది. ఆ మాట ఆమె నోటితో అనడం అదే మొదటిసారి. "నాకూ యాడా నొప్పి తెలవడంలా. అన్నం తింటే తిన్నట్టుండదు. అందురూ అడిగితే బాగుండానంటా."

ఉయ్యాల తాడు ఆగింది.

"ఏడుపు రాలేదా అవ్వా?"

"రాలా."

"నాకూ రాలా," అంది నాగులు. "ఆ పొద్దు మాయమ్మ గుడ్డలు మూట గడతా ఉంటే చూసినా. పన్నెండు గంటల బస్సుకు పోతాదని పక్కింటామెతో చెప్పింది. నీకు చెప్దామనే వచ్చినానవ్వా. నువ్వు బస్టాండుకు పోయి ఆపుతావనుకున్నా."

హన్నమ్మ ఆ పొద్దు లెక్క వేసుకుంది. నాగులు వరండాలోకి వచ్చేటప్పటికి పదిన్నరే. బడి నుంచి బస్టాండుకు పది నిమిషాల నడక. ఆ గంటన్నరా ఆమె తీరిగ్గానే ఉంది, కుండ పక్కన గోడ చూస్తూ కూర్చుంది.

"నేనడగలా," అంది. "తప్పు నాదే నాగులూ. ఇప్పుడడుగుతుండా. మొదట్నించి చెప్పు."

నాగులు చెప్పింది. మూటలో అమ్మ ఏయే చీరలు పెట్టుకుందో చెప్పింది, తన తలకు ఆ పొద్దు నూనె రాసిందని చెప్పింది. ఆ మాట దగ్గర ఏడుపు ముంచుకొచ్చింది. హన్నమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. పిల్లను దగ్గరికి లాక్కుని, "ఆ తర్వాత?" అంది. మళ్ళీ "ఆ తర్వాత?" అంది. పసిబిడ్డ లేచి ఏడిస్తే కామమ్మ వచ్చి చప్పుడు చేయకుండా ఎత్తుకుపోయింది.

ఎక్కిళ్ళు ఆగాక, ఉదయగిరి బస్సు ఎన్నింటికని నాగులు అడిగింది.