మడిచీర ఆరని వారం

ఈ ఉత్తర ఇంగ్లండు మైదానంలో ఆకాశానికి అడ్డు లేదు. కొండ లేదు, గుట్ట లేదు. చూపు ఆనినంత మేరా పచ్చిక బీళ్ళు, గోధుమ పొలాలు, వాటిమీద బోర్లించిన గంగాళం వంటి నింగి. ఏ మూలన మబ్బు పుట్టినా అది మన నెత్తిమీదికి వచ్చేవరకూ కిటికీలో కూర్చుని చూడవచ్చు. చూడవచ్చునే గాని నమ్మరాదు. మీదికి వస్తుందనుకున్నది పక్కకు తొలగుతుంది. పోయిందనుకున్నది వెనుదిరిగి వచ్చి వీపున కురుస్తుంది. దీనిని ఇక్కడివారు వేసవి అంటారు. కళాశాలలో జీవితకాలమంతా గ్రీష్మవర్ణనలు పాఠం చెప్పినదానను. ఎండమావులకూ, దప్పిగొన్న మృగాలకూ, వడగాడ్పుకు వాడిన లతలకూ ప్రతిపదార్థ తాత్పర్యాలు వ్రాయించినదానను. జ్యేష్ఠమాసంలో స్వెటరు తొడుక్కుని కిటికీ పక్కన కూర్చోవలసి వచ్చినప్పుడు నాకు కలిగిన కోపం చలిని గురించి కాదు. అది మాట తప్పినవారి మీద కలిగే కోపం.

ఆ వారం నాకు ఎండతో పని పడింది. శనివారం మావారి తద్దినం. ఆయన పోయాక మొన్నటివరకూ మా ఊళ్ళోనే జరిగింది. ఇప్పుడు నేను కొడుకు దగ్గర స్థిరపడ్డాను గనుక ఈ దేశంలో పెట్టవలసి వచ్చిన మొదటి తద్దినం ఇదే. ఆదివారం సాయంత్రం ఆ ప్రస్తావన రాగానే కోడలు మెల్లగా అంది:

“అత్తయ్యా, సిటీలో గుడి ఉంది కదా. వంట, భోక్తలు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. మనం వెళ్ళి కూర్చోవడమే.”

“వెళ్ళి కూర్చోవడానికి ఆయన నాకు దూరపు చుట్టమా అమ్మాయ్?”

“అది కాదమ్మా,” అన్నాడు కొడుకు. “ఇంట్లో అంటే మడిచీర ఎండలో ఆరాలంటావు. ఇక్కడ ఎండేదీ? సరే, పందెం. శుక్రవారం సాయంత్రానికి నీ చీర ఆరిందా, ఇంట్లోనే పెడదాం. లేదా, గుడికి ఫోన్ చేస్తాను. ఆపైన నువ్వు అలగకూడదు.”

తండ్రి తద్దినానికి పందెం! అయినా ఒప్పుకున్నాను. నిత్యపూజకు శీతకాలమంతా నా గదిలో రేడియేటరు పక్కన ఆరిన బట్టతోనే సరిపెట్టుకున్నాను. ఆయన తద్దినానికి మాత్రం గాలికీ ఎండకూ ఆరిన నూలుచీర కట్టుకునే వండాలని నా పట్టుదల. మా అత్తగారు అలాగే వండారు, ఆమె వెనుక నేనూ అలాగే వండాను. పట్టుచీర ఉంది కదా అని కోడలు అడిగింది. మా ఇంట పితృకార్యానికి పట్టు పనికిరాదు. స్నానం చేసి, తడిబట్టతో ఆ చీరను జాడించి, ఎవరూ తగలని ఎత్తున దండెం మీద ఆరవేసి, మళ్ళీ స్నానం చేసిన తరువాతే దానిని తీసి కట్టుకోవాలి. నడుమ ఎవరు ముట్టినా మడి చెడుతుంది. నేనే మైలతో ముట్టినా చెడుతుంది. కొడుకు పెరట్లోని షెడ్డుకూ కంచె గుంజకూ నైలాను తాడు ఎత్తుగా కట్టాడు. గార్డెన్ సెంటరులో కొన్న వెదురుకర్ర దండెపు కర్ర అయింది.

సోమవారం ఉదయం ఎండ కాసింది. అటువంటి ఎండ చూసి మోసపోనివారు ఉండరు. తొమ్మిది గజాల చీరను కర్రతో దండెం మీద పరిచి, తృప్తిగా లోపలికి వచ్చి నడుము వాల్చాను. లేచి చూస్తే దండెం ఖాళీ. తలుపు కొడుతున్న చప్పుడు. పక్కింటావిడ నిలబడి ఉంది. నా ఈడు మనిషి, ఒంటరిగా ఉంటుంది, గులాబీలు పెంచుతుంది. ఆమె చేతుల్లో నా చీర నాలుగు మడతలు పడి, దిండు గలీబులా పొందికగా ఉంది.

“రెయిన్, లవ్! చినుకులు పడ్డాయి, నువ్వు లేవలేదు. నేనే గబగబా తీసేశాను,” అంది, పెద్ద ఉపకారం చేసిన ముఖంతో. ఈ వైపు ఎవరినైనా ‘లవ్’ అనే పిలుస్తారు.

ఉపకారమే. ఇక్కడ వాన పడితే పొరుగువారి బట్టలు తీసి పెట్టడం మర్యాదట. ఎవరూ ఎవరినీ అడగరు, తలుపు లేని పక్కదారిన వచ్చి తీసి పెడతారు. నేను “థాంక్యూ” అన్నాను. తలుపు వేసి, ఆ చీరను వేలికొసలతో పట్టుకుని వంటింటి గట్టు మీద పెట్టాను. ఇక మళ్ళీ జాడించవలసిందే. బయట మళ్ళీ ఎండ. పడిన చినుకులు గడప కూడా తడపలేదు.

మంగళవారం మనుషుల జోక్యం లేదు. ఆ పని ఆకాశమే చేసింది. మధ్యాహ్నం వరకూ నీలాకాశం, తేనెటీగల రొద. అంతలో పడమటి వైపు నుంచి సీసం రంగు మబ్బు, దాని ముందు ఈదురుగాలి, వెంటనే వడగళ్ళు. చీర దండెం మీద తెరచాపలా ఎగిరి, కర్రతో సహా పక్కింటి గులాబీ పాదులో పడింది. ముళ్ళ నుంచి దానిని విడదీస్తుంటే పాదాల కింద వడగళ్ళు కరకరలాడాయి. సెల్‌ఫోనులో వాతావరణం చూసుకుని కొడుకు లోపలినుంచి అరిచాడు: “అమ్మా, ఇప్పుడు వాన పడే అవకాశం పదిశాతమే!” ఆ పదిశాతాన్ని జాకెట్టు చేతుల నిండా మోసుకుని నేను లోపలికి వచ్చాను. ఎండకు ఎండలా కాసే ధర్మం, వానకు వానలా కురిసే ధర్మం ఉండాలి గదా! ఇది రెండూ కాని సంకరం. పక్కింటావిడను అడిగితే “బిట్ చేంజబుల్” అంది. మనిషికి ఈ గుణముంటే ఇంట్లోకి రానివ్వరు, ఆకాశానికైతే ముద్దుపేరు పెట్టి క్షమించేస్తారు.

బుధవారం మళ్ళీ ఉతికి ఆరవేసి, ఈసారి కిటికీ దగ్గరనే కాపలా కూర్చున్నాను. వీథి తలుపు వైపు ఎవరో పార్సిలు తెచ్చి గంట కొట్టారు. సంతకం పెట్టి వచ్చేసరికి దండెం ఖాళీ. చినుకు కూడా పడలేదు! మబ్బు పట్టిందంతే. సాయంత్రం పక్కింటావిడ చీర తెచ్చింది. ఇస్త్రీ చేసి ఉంది. పైన ఒక చిన్న డబ్బా.

“పాపం, నీ స్కిన్ సంగతి నాకు ముందే చెప్పవలసింది. సువాసనలు లేని పౌడరుతో మళ్ళీ ఉతికాను. ఈ ఆయింట్‌మెంట్ నా చెల్లెలికి బాగా పనిచేసింది.”

స్కిన్ సంగతేమిటో నాకు అర్థం కాలేదు. కోడలు సర్జరీ నుంచి, అంటే తాను డాక్టరుగా పనిచేసే క్లినిక్కు నుంచి, రాగానే అడిగాను.

“ఏం చెప్పావు ఆవిడతో?”

కోడలు బూట్లు విప్పుతూ తలెత్తలేదు. “మీ అత్తగారి బట్టలు ముట్టుకోవచ్చా అని అడిగింది అత్తయ్యా. మడి అంటే ఏమని చెప్పను? నువ్వు ముడితే పనికిరాదు అని ఎలా అంటాను? అందుకని... మీకు స్కిన్ ఎలర్జీ అన్నాను.”

“డాక్టరువి! లేని రోగం అంటగడతావా నాకు?”

“చిన్న అబద్ధమే కదండీ!”

“నా ఆచారం చిన్నదా? రోగమని చెబితే మర్యాద, ఆచారమని చెబితే అవమానమా? రేపు దేవుడికి దీపం పెడితే కళ్ళజబ్బు అంటావు. ఏకాదశికి ఉపవాసముంటే అజీర్తి అంటావు!”

“అత్తయ్యా, ఆవిడ చాలా మంచిది. నొచ్చుకుంటుంది. అంతే నా బాధ.”

“నేను నొచ్చుకోవడం నీకు బాధ కాదు?”

కొడుకు మెట్ల మీదనుంచి తొంగి చూసి, మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు. ఆ ఆయింట్‌మెంటు డబ్బా అన్నం తిన్నంతసేపూ బల్లమీద మా మధ్య కూర్చుని ఉంది.

గురువారం తెల్లవారి నేనే వెళ్ళి పక్కింటి తలుపు తట్టాను. నా ఇంగ్లీషు పాతకాలపు వ్యాకరణగ్రంథాల నుంచి వచ్చినది, వాక్యం పూర్తయ్యేవరకూ ఊపిరి తీసుకోనివ్వదు. నాకు రోగం లేదనీ, నా కోడలు సంకోచంతో అలా అన్నదనీ, శనివారం నా భర్తను తలచుకునే రోజనీ, ఆ రోజు వంట చేసే బట్టను మరెవరూ ముట్టరాదనీ చెప్పాను.

ఆమె ముఖంలోని నవ్వు ఆగిపోయింది. “అంటే నా చేతులు మురికివా?”

ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది. మా వైపు ఈ మడి పేరు చెప్పి మనుషులను జీవితాంతం గుమ్మం అవతల నిలబెట్టినవారిని నేను ఎరుగుదును. ఆమె ఆ చరిత్ర ఎరుగదు. నేను ఎరుగుదును గనుకనే నాకు మరింత కోపం వచ్చింది. ఆమె మీద కాదు. నా ఇంటి వంటను ఇతరులను తక్కువ చేయడానికి వాడుకున్నవారి మీద. వారి పాపానికి జవాబు ఈ గుమ్మంలో నిలబడి నేను చెప్పుకోవలసి వచ్చింది.

“కాదు,” అన్నాను. “నా కొడుకు ముట్టినా పనికిరాదు. కోడలు ముట్టినా పనికిరాదు. స్నానం చేయకుండా నేను ముట్టినా పనికిరాదు.”

“నీ బట్ట నువ్వే ముట్టకూడదా?”

“ముట్టకూడదు.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, “అయితే అది పెద్ద చిక్కే, లవ్,” అంది. నవ్విందో వెక్కిరించిందో నాకు తెలియలేదు. తలుపు మూసుకుంది. ఆ రోజంతా ముసురు. చీర తడవడానికి కూడా దండెం ఎక్కలేదు.

శుక్రవారం గాలి మారింది. పొద్దుటి నుంచి పొడి ఎండ, పొలాల మీద మబ్బుల నీడలు పరుగెత్తుతున్నాయి గాని ఒక్కటీ నిలబడలేదు. మధ్యాహ్నం దాటేసరికి అంచులు తప్ప చీర ఆరినట్టే కనిపించింది. నా మనస్సులో అప్పటికే గారెల పప్పు నానుతున్నది. అంతలో పక్కింటి పెరట్లోంచి కేకలు:

“రెయిన్! రెయిన్! లవ్, రెయిన్!”

కంచె అవతల ఆమె నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గొంతు మాత్రం వీథి వీథంతా వినబడేలా విప్పి అరుస్తున్నది. ముట్టవద్దన్నాను, ముట్టలేదు. నేను దండెం దాకా పరుగెత్తి ఆగిపోయాను. స్నానం చేయకుండా చీర తీయరాదు! లోపలికి పరుగెత్తి, బకెట్టు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని తడిబట్టతో వచ్చేసరికి జల్లు కురిసి వెళ్ళిపోయింది. చీర నీళ్ళు కారుతున్నది. నేనూ నీళ్ళు కారుతున్నాను. కంచె అవతల ఆమె వానలోనే నిలబడిపోయినందున ఆమె జుట్టూ నీళ్ళు కారుతున్నది. ముగ్గురమూ ఒకే స్థితిలో ఉన్నాము.

“సారీ, లవ్,” అంది ఆమె.

“మీ ఆకాశానికి సిగ్గు లేదు,” అన్నాను. ఏ భాషలో అన్నానో నాకు గుర్తు లేదు.

కొడుకు వచ్చి దండెం వైపు చూశాడు. జేబులోంచి ఫోను తీశాడు. గుడి నంబరు వెతుకుతున్నాడని తెలిసింది.

“ఫోను కింద పెట్టు.”

“అమ్మా, పందెం...”

“పందెం ఆరిన చీరకు. తడిమడి కట్టి వండుతాను. చీర ఆరని రోజుల్లో మీ నాయనమ్మ కార్తీకమాసపు చలిలోనూ తడిమడితో వండేది. ఇది వేసవి అంటున్నారుగా, చూద్దాం.”

కోడలు ముందుకు వచ్చింది. “అత్తయ్యా, వద్దు. బయట చలిగా ఉంది. ఈ వయసులో తడి చీరతో గంటలకొద్దీ నిలబడితే గుండెకు మంచిది కాదు. ఇది డాక్టరుగా చెబుతున్నాను.”

“మొన్న డాక్టరుగానేనా ఎలర్జీ అని చెప్పావు?”

ఆ పిల్ల కళ్ళు చెమర్చాయి. నేను అన్నది వెనక్కి తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరమూ కనిపించలేదు. కాని కొంచెంసేపటికి ఆమే లోపలికి వెళ్ళి బాయిలరు వేసింది. ఇల్లంతా గొట్టాలు టకటకలాడుతూ వేడెక్కాయి. జూన్‌లో హీటింగా అని కొడుకు అడగబోతే, “మీరు మాట్లాడకండి,” అంది.

శనివారం తెల్లవారుజామున స్నానం చేసి తడిచీర కట్టుకున్నాను. ఒళ్ళు ఝల్లుమంది. కోపం ఉన్నవారికి చలి కొంత తక్కువ వేస్తుంది, ఆ సంగతి ఆనాడు తెలిసింది. అరటికాయ కూర, కాకరకాయ పులుసు, పెరుగుపచ్చడి, నువ్వుల ఉండలు, పరమాన్నం వరుసగా దింపుతూ పోయాను. వంటింటి గడప అవతల కుర్చీ వేసుకుని కోడలు కూర్చుంది. నన్ను ముట్టరాదు గనుక చూపుతోనే వైద్యం చేస్తున్నది.

“అత్తయ్యా, ఇటు తిరగండి. పెదాలు చూపించండి.”

“పరమాన్నం అడుగంటుతుంది.”

“గోళ్ళు చూపించండి. నీలంగా అయితే మాత్రం నేను లోపలికి వచ్చేస్తాను. మడీ లేదు, గిడీ లేదు.”

గరిటె పట్టిన చేతిని గడప వైపు చాచి చూపించాను. ఆమె మెడ చాచి, అయిదు వేళ్ళూ శ్రద్ధగా చూసి, తిరిగి కూర్చుంది. వారమంతటిలో మా ఇంట్లో నా ఆచారానికి ఎవరైనా మర్యాద ఇచ్చారంటే అది ఆ కుర్చీయే.

పురోహితుడు, భోక్తలు వచ్చారు. కొడుకు పీట మీద కూర్చున్నాడు. ఆఖరి వాయి గారెలు మూకుడులో తేలుతుండగా కోడలు మెల్లగా అంది:

“అత్తయ్యా, మీ కొంగు ఆరిపోయింది.”

చూసుకున్నాను. కొంగే కాదు, కుచ్చెళ్ళూ ఆరాయి. పొయ్యి వేడికీ ఒంటి వేడికీ చీర నా ఒంటిమీదనే ఎప్పుడు ఆరిందో నాకే తెలియదు. లోపలినుంచి ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, తాతగారి పేరు మంత్రంలో వరుసగా వినబడుతున్నాయి. బయట ఎండ విరగకాస్తున్నదని కోడలు చెప్పింది. నేను తలెత్తి చూడలేదు. వడ్డన వేళ దాటుతున్నది.