అత్త ఏరిన నెత్తళ్ళు

మా పక్కింటి అత్త పోయిన నెలలో కన్నుమూసింది. తెల్లవారుతుండగా ఆమె కోడలు గోడ మీంచి పిలిచి, "అక్కా, అత్త లేవట్లేదు" అంటే పరిగెత్తాను. అప్పటికే చెయ్యి చల్లబడిపోయింది. మాకు చుట్టరికం ఏమీ లేదు. పక్కిల్లు కాబట్టి అత్త, అంతే. అయినా ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

మాది బందరు రేవు దగ్గర. అత్త ఎండు నెత్తళ్ళు అమ్మేది. నెత్తళ్ళంటే వేలెడంత వెండి చేపలు. వలలో వాటితో పాటు పీత పిల్లలు, గవ్వ ముక్కలు, నాచు కూడా వచ్చేస్తాయి. చాలామంది ఇసుకలోనే ఎండబోస్తారు. అత్త పాత వల పరిచి దాని మీద ఆరబోసేది. ఎండాక చేటలో పోసుకుని ఏరి, పొద్దుటి రైల్లో గుడివాడ తీసుకెళ్ళేది. అక్కడి వాడుక ఇళ్ళవాళ్ళు చూసుకోకుండానే డబ్బాల్లో పోసుకునేవారు. అదే ఆమె గర్వం.

"పంటికింద ఇసుక తగిలితే ఆ గడప మళ్ళీ ఎలా తొక్కుతావమ్మాయ్?" అనేది నాతో.

నోరు మాత్రం మహా పెద్దది. రైల్లో ఎవరైనా ముక్కు మూసుకుంటే, అన్నంలో కలుపుకునేటప్పుడూ అలాగే మూసుకుంటారా అని అడిగేదట. మా ఇంట్లో వంకాయలు తరుగుతున్నానని తెలిస్తే చాలు, గుప్పెడు నెత్తళ్ళు గోడ మీద పెట్టేది. అవి కాస్త మాడితే చీవాట్లు కూడా గోడ మీంచే వచ్చేవి.

తర్వాత కంట్లో పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకోమంటే నెత్తళ్ళ కాలం వెళ్ళాక చూద్దామనేది. ఆ కాలం ఎప్పటికీ వెళ్ళేది కాదు. చేత్తో తడుముకుంటూ ఏరేది, ఎవరినీ సాయం రానిచ్చేది కాదు. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కోడలూ నేనూ చప్పుడు చెయ్యకుండా ఆ చేట తెచ్చుకుని మళ్ళీ ఏరేవాళ్ళం. నాగాయలంక నుంచి కోడలిగా వచ్చిన ఆ పిల్ల, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. అత్త పేరు మేమిద్దరమే నిలబెడుతున్నామని మాకు లోపల కాస్త గొప్పగా ఉండేది.

కర్మలు అయ్యాక కోడలు తనే బుట్ట ఎత్తుకుంటానంది. "ఆ ఇళ్ళవాళ్ళు నా చేతివి తీసుకుంటారా అక్కా?" అని అడిగింది. ఆ పిల్లకి ఇప్పుడు అదే బతుకుతెరువు. తోడుగా నేనూ వెళ్ళాను.

గుడివాడలో మొదటి ఇంట్లో ఓ పెద్దావిడ తలుపు తీసింది. విషయం విని అరుగు మీద కూలబడింది. చాలాసేపు కళ్ళు తుడుచుకుని, మెల్లగా అంది.

"ఈమధ్య అప్పుడప్పుడూ పీతకాళ్ళు తగుల్తూనే ఉండేవమ్మా. చూపు ఆనట్లేదని తెలుసు. అంటే నొచ్చుకుంటుందని నేనే ఏరుకునేదాన్ని."

కోడలు నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. అవి మేమిద్దరం అంత శ్రద్ధగా ఏరాక మిగిలిన పీతకాళ్ళు. నవ్వు ఆపుకోలేక ఆ పిల్ల అటు తిరిగింది, తిరిగాక ఏడ్చింది.

పెద్దావిడ లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. కోడలు బుట్టలోంచి నెత్తళ్ళు పోసి పట్టుకున్న చేట అందుకుని, లోపల ఏముందో చూడనైనా చూడకుండా మొత్తం దాంట్లో ఒంపేసి మూత పెట్టింది.